సోలార్ వాటర్ హీటర్: ఫ్లాట్ ప్లేటా, వాక్యూమ్ గొట్టాలా?

ప్రశ్న:
నలుగురున్న మా ఇంటికి 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ పెట్టించుకోవాలని అనుకుంటున్నాము. రాగి గొట్టాలున్న ఫ్లాట్ ప్లేట్ ఎక్కువ కాలం మన్నుతుందని ఒకరు, గాజు వాక్యూమ్ గొట్టాలైతే (రెండు గాజు పొరల మధ్య గాలి తీసేసినవి) చలిలోనూ బాగా పనిచేస్తాయని మరొకరు అంటున్నారు. మాది బోరు నీరు; కాచిన గిన్నెల అడుగున తెల్లని పొర కడుతుంది. ఏది మేలు?

మొదటి సమాధానం:
మీరు చివరగా చెప్పిన తెల్లని పొరనే ముందుగా చూడాలి. ఫ్లాట్ ప్లేట్‌లో నీరు సన్నని రాగి గొట్టాల గుండా పారుతుంది కనుక, వేడికి విడివడిన సున్నం వాటి లోపలి గోడలకు పట్టి, ఏళ్లు గడిచేకొద్దీ దారిని ఇరుకు చేసి, కొన్నిటిని పూర్తిగా మూసేస్తుంది. గాజు గొట్టాలు సాధారణంగా 47 లేదా 58 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటాయి. వాటిలోనూ సున్నం చేరుతుంది గానీ, ఊడదీసి కడుక్కోవచ్చు.

రెండవ సమాధానం:
అంతమాత్రాన ఫ్లాట్ ప్లేట్‌ను పక్కన పెట్టనక్కరలేదు. ఎండను పట్టే భాగమైన కలెక్టర్‌లో శుద్ధమైన నీరే తిరుగుతూ, ట్యాంకులోని బోరు నీటికి వేడిని అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ రకం ఉంది. ఇంట్లో ప్రెషర్ పంపు ఉంటే, నీరు నేరుగా గాజులో నిలిచే మామూలు రకం ఆ ఒత్తిడికి తట్టుకోదు. ఇంకొక మాట: మా ట్యాంకు ఒకసారి ఖాళీ అయినప్పుడు, మిట్టమధ్యాహ్నం తొందరపడి చన్నీళ్లు వదిలాము, కాలిపోతున్న గొట్టాల్లో రెండు అక్కడికక్కడే పగిలాయి. తప్పు మాదే, సాయంత్రం దాకా ఆగవలసింది.

మూడవ సమాధానం:
రకం కన్నా ఎండను పట్టే వైశాల్యం దగ్గరే చాలామంది మోసపోతారు. 200 లీటర్ల నీటిని 35 డిగ్రీల మేర వేడి చేయడానికి సుమారు 8 యూనిట్ల శక్తి కావాలి. చదరపు మీటరుకు రోజుకు 5 యూనిట్ల ఎండ పడి, అందులో సగం నీటికి చేరుతుందనుకుంటే, 3.3 చదరపు మీటర్లు అవసరం. పైపుల్లో పోయే వేడిని కూడా లెక్కేస్తే 4 అనుకోండి. గొట్టాల మధ్య సందులను కూడా కలిపి చెప్పే కొలతను ఒప్పుకోకండి. గొట్టం కొనన ఉండే వెండి రంగు పూత తెల్లబడితే, గాజు పొరల మధ్య వాక్యూమ్ పోయిందని గుర్తు.

ప్రశ్న అడిగినవారు:
మాకు ప్రెషర్ పంపు లేదు, కాబట్టి గాజు గొట్టాల వైపే మొగ్గుతున్నాము. కొలతలు కాగితం మీద రాయించుకున్నాకే బయానా ఇస్తాము.