లడ్డూ అల్లితే బొంగరం వస్తోంది, సందుల్లోంచి దూది కూడా కనబడుతోంది. తప్పెక్కడ?

కూకట్‌పల్లి కోడలు:

అందరికీ నమస్తే. క్రోషే హుక్ (ఊలు అల్లే కొంకి సూది) పట్టుకుని నాకు ఐదు వారాలు, అంతకుముందు ఊడిన బటన్ కుట్టుకోవడం తప్ప ఏమీ రాదు. మా పాపకి వచ్చే నెల మూడేళ్లు నిండుతాయి. మొన్న శిల్పారామం వెళ్లినప్పుడు దానికి లక్కపిడతల సెట్ కొన్నాం. చిన్న పొయ్యి, గిన్నెలు, తిరగలి అన్నీ ఉన్నాయి కానీ వండడానికి ఏమీ లేదు కదా, అందుకని వంటింట్లోంచి నిజం కందిపప్పు, బియ్యం పట్టుకొచ్చి హాలంతా చల్లుతోంది. ఒకరోజు శనగగింజ ముక్కులో పెట్టుకోబోతుంటే చూసి పరుగెత్తాను. ఇక లాభం లేదని ఊలుతోనే ఇడ్లీ, వడ, లడ్డూ, మిరపకాయ బజ్జీ అల్లి పుట్టినరోజుకి ఇచ్చేద్దామనుకున్నా.

అన్నిటికంటే లడ్డూ సులువు కదా అని దాంతో మొదలుపెట్టా. లండన్‌లో ఉండే మా ఆడపడుచు పంపిన పుస్తకంలో నారింజపండు ఉంది, దాన్నే పసుపు ఊలుతో అల్లితే లడ్డూ అయిపోతుందని నా తెలివి. కుట్లు మాత్రం యూట్యూబ్‌లో ఒక అమెరికా ఆవిడ వీడియోలు చూసి నేర్చుకున్నా. మ్యాజిక్ రింగ్‌లో (లాగితే బిగుసుకునే మొదటి దారం చుట్టు) 6 కుట్లు, తర్వాత రౌండ్లలో 12, 18, 24, 30, ఆ 30 మీదే ఐదు రౌండ్లు, మళ్లీ తగ్గించుకుంటూ 6. ఒక్క కుట్టు తప్పలేదు, ప్రతి రౌండూ రెండుసార్లు లెక్కపెట్టా. వచ్చింది మాత్రం గుండ్రంగా లేదు, నిలువుగా సాగి బొంగరంలా ఉంది. కుట్ల మధ్య సందుల్లోంచి లోపలి తెల్లదూది అంతా కనబడుతోంది. మా ఆయన చూసి "కొబ్బరికాయకి స్వెట్టర్ వేశావా" అన్నాడు. ఇప్పటికి మూడు అల్లాను, మూడూ అంతే. ఊలు మామూలు 4 ప్లై ఆక్రిలిక్, హుక్ 4 ఎంఎం. చేతకాక వదిలేయమంటారా, లేక ఏదైనా చిన్న తప్పా?

ఉప్పల్ ఊలుబంతి:

అక్కా పరేషాన్ గాకు, అందరి మొదటి లడ్డూ అట్లనే ఉంటది, నాదైతే చెప్పుకోలేం. ముందు ఆ హుక్ మార్చు. 4 ఎంఎం స్వెట్టర్లకి, శాలువాలకి బాగుంటది గానీ లోపల ఏదన్నా నింపే బొమ్మలకి ఎక్కువైతది. అదే ఊలుకి 3 గానీ 2.5 గానీ పట్టు, కుట్లు దగ్గరదగ్గరకొస్తయ్. మొదట్ల చెయ్యి నొప్పి పెడతది, గంటల తరబడి కూసోకు.

ఇంకోటి, లోపల నిజం దూది పెట్టినవా? పెడితే తీసెయ్. ఉతికితే ఉండలు కడతది, మన వానాకాలంల రెండు రోజులైనా ఆరదు, వాసనొస్తది. పరుపుల దుకాణంల దిండ్లకి నింపే రిక్రాన్ అడుగు, పావుకిలో తెచ్చుకుంటే బోలెడు లడ్డూలైతయ్. నేనైతే పాత దిండు ఒకటి కోసిన, ఇంట్ల ఎవరికీ చెప్పలే.

కూకట్‌పల్లి కోడలు:

థాంక్సండీ. దూది నిజందే, తీసేస్తా. నిన్న సికింద్రాబాద్ జనరల్ బజార్ వెళ్లి 3 ఎంఎం హుక్ తెచ్చి ఒకటి అల్లి చూశా. సందులు కొంచెం తగ్గాయి కానీ పోలేదు. ఆకారం అదే బొంగరం, కాకపోతే చిన్న బొంగరం.

సైనిక్‌పురి అమ్మమ్మ:

అమ్మాయీ, హుక్ సంగతి నిజమే కానీ నీ అసలు రోగం అది కాదనిపిస్తోంది. పుస్తకం లండన్‌ది, వీడియో అమెరికాది అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. పుస్తకంలో ప్రతి కుట్టుకీ డీసీ అని రాసి ఉందా? నువ్వేమో దాన్ని అమెరికా ఆవిడ నేర్పిన డబుల్ క్రోషే అనుకుని అల్లావు, అవునా?

రెండు దేశాల వాళ్లకీ కుట్లు అవే, పేర్లే ఒక మెట్టు తేడా. హుక్ మీద దారం చుట్టకుండా నేరుగా కుట్టులో గుచ్చి, దారం పైకి లాగి, హుక్ మీదున్న రెండు లూపుల్లోంచి ఒకేసారి తీసేస్తాం కదా, ఆ పొట్టి కుట్టుని అమెరికాలో సింగిల్ అంటారు, బ్రిటన్‌లో డబుల్ అంటారు. గుచ్చే ముందే హుక్ మీద ఒక చుట్టు వేసుకుని రెండు విడతలుగా తీసే పొడుగు కుట్టు అమెరికాలో డబుల్, బ్రిటన్‌లో ట్రెబుల్. బ్రిటన్ పేర్లలో సింగిల్ అన్నదే లేదు. అంటే నీ పుస్తకం పొట్టి కుట్టు వేయమంటే నువ్వు పొడుగు కుట్టు వేశావు.

ఇప్పుడు బొంగరం ఎందుకొచ్చిందో చూడు. పొట్టి కుట్టు ఎంత వెడల్పో ఇంచుమించు అంతే ఎత్తు ఉంటుంది, అందుకే దానికి రౌండుకి 6 చొప్పున పెంచితే చపాతీలా పరుచుకుంటుంది. పొడుగు కుట్టుకి ఎత్తు ఎక్కువ కాబట్టి 12తో మొదలుపెట్టి 12 చొప్పున పెంచాలి. నువ్వు పొడుగు కుట్టుకి 6 చొప్పునే పెంచావు, చుట్టుకొలత చాలక అది పైకి లేచిపోయింది. ఆ పొడుగు కాళ్ల మధ్య సందులు ఏ హుక్ పట్టుకున్నా ఉంటాయి, కుట్టు స్వభావమే అంత. నీ లెక్క తప్పు కాదు, చెయ్యీ తప్పు కాదు.

ఇలాంటి నింపుడు బొమ్మల్ని జపాన్ వాళ్ల మాటతో అమిగురుమి అంటారు, ఆ పేరుతో వెతికితే బోలెడు కనిపిస్తాయి. ఏది తీసుకున్నా ముందు కుట్ల పేర్లు ఏ దేశంవో చూసుకో. ఎస్సీ, అంటే సింగిల్ క్రోషే, అని కనబడితే అమెరికాదే.

కూకట్‌పల్లి కోడలు:

అమ్మమ్మగారూ!! పుస్తకం చివరి పేజీలో చిన్న అక్షరాలతో "బ్రిటిష్ పేర్లు వాడాం" అని ఉంది. ఐదు వారాల నుంచి ఆ పేజీ మీద టీ కప్పు పెడుతున్నా. కప్పు మరక కిందే ఉంది ఆ వాక్యం.

గోదారి నుంచి నిజాంపేట:

పై జవాబు చదివి ఆగలేక రాస్తున్నా. మాది నరసాపురం వైపు. 1844 నాటి నుంచి, మిషనరీలు నేర్పినప్పటి నుంచి, మా చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల చేతిలో ఉన్న పని ఇదే, లేసు అల్లిక. 2024లో దానికి జీఐ (ఆ ప్రాంతానిదే అని చెప్పే భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. మా నాయనమ్మ వాడే ఉక్కు హుక్ కొన చూడ్డానికే కళ్లద్దాలు కావాలి, దారం కూడా కుట్టుమిషన్ దారానికి కాస్త లావు, అంతే. ఆవిడకి నేను అల్లిన ఊలు టమాటా చూపిస్తే "ఇంత మోకులతో అల్లుతున్నావేంటే, పడవ కడతావా" అంది. కానీ చేతిలో తిప్పి చూసి ఒక మాట చెప్పింది, నాకు బాగా పనికొచ్చింది: లేసులో అల్లేది ఒకరు, ముక్కలన్నీ కలిపి అతుకుపని చేసేది మరొకరు, అతుకు బాగోకపోతే ఎంత మంచి అల్లికైనా చెడిపోతుందని. ఆటబొమ్మల తిండి కూడా సగం అతుకుపనే. అందుకే లడ్డూ దాటాక వడ జోలికి అప్పుడే వెళ్లకండి, మధ్యలో చిల్లు చుట్టూ అతకడం కొత్తవాళ్లకి నరకం.

ఇడ్లీ చేయండి. మొదటి నుంచి చివరిదాకా ఒకే ముక్క, అతుకే లేదు, వంకర వచ్చినా ఇడ్లీయే. 3 హుక్‌తో 36 కుట్లదాకా పెంచండి, రెండు రౌండ్లు పెంచకుండా అల్లండి, మళ్లీ ఆరేసి చొప్పున తగ్గించుకుంటూ రండి. తగ్గించేటప్పుడు రెండు కుట్లకీ మన వైపు ఉన్న లూపుల్లో మాత్రమే హుక్ దూర్చి కలిపి తీస్తే ముడి కనబడదు. రిక్రాన్ కొంచెమే పెట్టండి, కుక్కితే బంతి అయిపోతుంది. చివర్లో అరచేతుల మధ్య పెట్టి నొక్కితే అచ్చు రేకులోంచి తీసినట్టుంటుంది. ఐదారు సెంటీమీటర్లు వస్తుంది. ఒక సంగతి: పొట్టి కుట్టుకి రెండు ముఖాలుంటాయి, ఇంగ్లిష్ వీ ఆకారం వరసగా కనిపించేది బయటివైపు. మనలో చాలామంది తెలియకుండా లోపలివైపు బయటికి పెట్టి అల్లేస్తారు, గిన్నెలా ఉన్నప్పుడే తిరగేసుకోవాలి.

మిరపకాయ బజ్జీకి మాత్రం నేను కావాలనే తిరగేస్తాను! లోపలివైపు గరుకుగా ఉంటుంది కదా, ముదురు పసుపు ఊలుతో ఆ వైపు బయటికి వస్తే శనగపిండి అంటుకుని నూనెలో పొంగినట్టే ఉంటుంది. చివర పచ్చ ఊలు కాడ పెడితే చాలు. దోసెకి ఇప్పుడు మీ చేతికి అలవాటైన ఆ పొడుగు కుట్టే వాడండి, 12తో మొదలుపెట్టి 12 చొప్పున, నింపడం లేదు, సందులుంటేనే అందం. అసలు దోసెకి సందులుండాలి కదా. కొత్తిమీర కావాలంటే పచ్చ ఊలుతో ఒక చిన్న వరస అల్లి, దాని మీద ప్రతి కుట్టులో మూడేసి కుట్లు వేసేయండి, దానంతటదే కుచ్చులు కుచ్చులుగా ముడుచుకుంటుంది.

రంగుల గురించి కూడా చెప్పాలి, ముదురు వంకాయ రంగు, నలుపు ఇప్పుడే వద్దు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద కుట్లు కనబడవు. బొచ్చు బొచ్చుగా ఉండే మెత్తటి ఊలు కూడా కొనకండి, చూడ్డానికి ముద్దొస్తుంది గానీ కుట్టు ఎక్కడుందో వేలితో తడుముకోవాలి.

ఇద్దరు పిల్లల నాన్న:

నేనూ అల్లుతాను, నవ్వుకోండి పర్లేదు, మెట్రోలో ఎల్‌బీ నగర్ నుంచి మియాపూర్ దాకా కూర్చుంటే ఒక సమోసా సగం అయిపోతుంది.

పాపకి మూడేళ్లే అన్నారు, అందుకని ఒక్క విషయం. ఏ ముక్క అయినా పూర్తయ్యాక టిష్యూ రోల్ మధ్యలో ఉండే అట్టగొట్టంలో వేసి చూడండి. అందులోంచి జారి పడిపోతే అది ఈ వయసు పిల్లలకి ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడే సైజు అన్నమాట. బఠాణీలు, జీడిపప్పు ముద్దుగా ఉంటాయి కానీ ఇప్పుడు వద్దు. ఇడ్లీకి కళ్లు, నవ్వు పెడతారు కొందరు ప్లాస్టిక్ గుండీలతో, మా రెండోవాడు ఆ కన్ను రెండు రోజుల్లో పీకాడు. కావాలంటే దారంతో కుట్టేయండి, అయినా ఇడ్లీకి మొహం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చివరి దారాన్ని ముడి వేసి అక్కడే కత్తిరించకుండా, పెద్ద సూదితో లోపల మూడు నాలుగు దిక్కుల్లో తిప్పి అప్పుడు కత్తిరించండి. పిల్లలకి వేలాడే దారం కనబడితే ఇక అంతే, మొత్తం విప్పేస్తారు.

కూకట్‌పల్లి కోడలు:

పది రోజుల తర్వాత వచ్చాను, క్షమించాలి. అమ్మమ్మగారు చెప్పిన పొట్టి కుట్టుతో, 3 ఎంఎం హుక్‌తో లడ్డూ మళ్లీ అల్లాను. లడ్డూ! గుండ్రంగా! సందుల్లేవు. మా ఆయన ఏమీ అనలేదు, అంటే బాగున్నట్టే. ఇడ్లీలు నాలుగు అయ్యాయి, మొదటిది తిరగేయడం మర్చిపోయి రవ్వ ఇడ్లీ అని పేరు పెట్టేశా. రౌండు మొదలు తెలియడానికి అందరూ మార్కర్ అంటారు, నేను పిన్నీసు పెడుతున్నా, పాప నిద్రపోయాకే అల్లుతున్నా కాబట్టి భయం లేదు, లేచే లోపు లెక్కపెట్టి డబ్బాలో వేసేస్తున్నా. గొట్టం పరీక్ష అన్నీ పాసయ్యాయి. పాత మూడు బొంగరాలు పారేయలేదు, ఆకుపచ్చ మూత అల్లి పెట్టి కొబ్బరిబోండాలు చేశాను.

పుట్టినరోజుదాకా దాచలేకపోయా, నిన్న రెండు ఇడ్లీలు బయటికి తీశా. పొయ్యి మీద పెట్టింది, "ఉడికింది" అంది, చట్నీ ఏదని అడిగింది. నేను అటు తిరిగేలోపు మా అత్తయ్యగారి టిఫిన్ ప్లేట్లో, నిజం పల్లీ చట్నీలో, నిండా ముంచేసింది. పైన తాలింపు కూడా అంటింది. తెల్ల ఆక్రిలిక్ మీద ఈ మరక ఎలా పోతుందండీ?

సైనిక్‌పురి అమ్మమ్మ:

ఆవగింజలు ముందు చేత్తో ఏరెయ్. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి మరక మీద అద్దు, రుద్దకు, రుద్దితే ఊలు బొచ్చు లేస్తుంది. పిండొద్దు, ఆకారం పోతుంది, పాత తువాలులో చుట్టి ఒత్తి నీడలో గాలి తగిలేచోట పెట్టు. పోకపోతే కారప్పొడి ఇడ్లీ అను.