5వ లెవెల్ పాలడిన్: స్లాట్లు చాలట్లేదు, పార్టీతో పొసగట్లేదు

కొత్త_డాలు:
డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలేస్తూ పాత్రలుగా కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్. నాది ఓత్ ఆఫ్ డివోషన్ అనే ప్రతిజ్ఞ (ఓత్) పట్టిన పాలడిన్, అంటే పవిత్ర యోధుడి పాత్ర, చేతుల్లో కత్తీ డాలూ. మొదటి ఫైట్‌లోనే స్లాట్లన్నీ (స్పెల్స్ వేయడానికి లెక్కగా ఉండే శక్తి) స్మైట్‌కే, అంటే తగిలిన దెబ్బకి అదనపు డ్యామేజ్ కలపడానికే, అయిపోతున్నాయి. పైగా పార్టీలో (మా ఆటగాళ్ల జట్టులో) ఉన్న రోగ్, అంటే దొంగ తరహా పాత్ర, బందీలను చిత్రహింసలు పెట్టి సమాచారం లాగుతాడు, కాపలావాళ్లకు అబద్ధాలు చెబుతాడు. ప్రతిసారీ అడ్డం పడితే ఆట ఆగిపోతుంది, ఊరుకుంటే ఓత్‌కి విలువ ఉండదు. ఎలా ఆడాలంటారు?

పాచికల_సంచి:
ముందు స్లాట్ల సంగతి. ఈ లెవెల్లో మీకు మొదటి స్థాయివి 4, రెండో స్థాయివి 2. టర్నుకి రెండు దెబ్బలు కాబట్టి, తగిలిన ప్రతిసారీ స్మైట్ వేస్తే మూడు రౌండ్లలో ఖాళీ. దెబ్బ తగిలాకే స్మైట్ సంగతి తేల్చుకునే వీలుంది, దాన్ని వాడుకోండి. మొదటి స్థాయి స్లాట్‌తో 2డీ8 (ఎనిమిది ముఖాల పాచికలు రెండు), సగటున 9. క్రిట్ (ఎటాక్ పాచిక మీద 20) పడితే అదే స్లాట్‌కి 4డీ8, సగటున 18. రెండు దెబ్బల్లో ఒక్కటైనా క్రిట్ అయ్యే అవకాశం 10 శాతం లోపే, కాబట్టి దానికోసమే కూర్చోకండి. పారిపోతే మిగతావాళ్లకు కబురు చేరవేసే శత్రువు, పెద్ద స్పెల్ మీద కాన్సన్‌ట్రేషన్‌లో ఉన్న (ఏకాగ్రత చెదిరితే ఆ స్పెల్ ఆగిపోయే) మాంత్రికుడు: వీళ్ల మీద వెంటనే వేసేయండి. శత్రువు అన్‌డెడ్ (చచ్చి లేచినవాళ్లు), ఫీండ్ (నరకలోకపు జీవులు) అయితే ఇంకో డీ8 కలుస్తుంది.

పెద్ద ఫైట్ అని తెలిస్తే మొదటి టర్నులో బ్లెస్ వేయండి. ఒక్క స్లాట్‌తో ముగ్గురికి ఎటాక్‌లకూ సేవ్‌లకూ (ప్రమాదాన్ని తట్టుకోవడానికి వేసే పాచికలకు) అదనంగా డీ4, నిమిషం పాటు. బ్లెస్‌కీ కాన్సన్‌ట్రేషన్ కావాలి, అది నిలబడాలంటే దెబ్బ తిన్నప్పుడల్లా కాన్‌స్టిట్యూషన్ (శరీర దారుఢ్యం) సేవ్ వేయాలి (డీసీ, అంటే దాటాల్సిన అంకె, 10, లేదా డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది). ఆ డీ4 ఈ సేవ్‌కి కూడా పనికొస్తుంది.

లే ఆన్ హ్యాండ్స్‌లో (చేత్తో తాకి గాయాలు మాన్పే శక్తి) మీకున్నది 25 పాయింట్లు. సున్నాకి పడిపోయినవాణ్ణి లేపడానికి 1 పాయింట్ చాలు. ఒక్కడి మీదే 20 పోసేయడం చాలామంది చేసే పొరపాటు.

ఓత్_ముందు:
రోగ్ విషయం. డివోషన్ నియమాలు కట్టేసేది మిమ్మల్ని. అబద్ధం చెప్పకూడనిది మీరు. గేటు దగ్గర రోగ్ కథలల్లుతుంటే మీరు మౌనంగా ఉండొచ్చు. కాపలావాడు సూటిగా మిమ్మల్నే అడిగితే మాత్రం "దానికి జవాబు చెప్పను" అనాలి.

బందీల దగ్గర ఊరుకోకూడదు, ఎందుకంటే బలహీనుల్ని కాపాడటం, శత్రువు మీద విచక్షణతో దయ చూపడం ఓత్‌లోనే ఉన్నాయి. అలాగని "వద్దు" అని ఆగిపోకండి, బదులుగా ఇంకో దారి చూపండి. జోన్ ఆఫ్ ట్రూత్ మీకు 5వ లెవెల్లో ఓత్ స్పెల్‌గా వస్తుంది, ఎప్పుడూ ప్రిపేర్ అయ్యే ఉంటుంది. 15 అడుగుల రేడియస్, 10 నిమిషాలు, కాన్సన్‌ట్రేషన్ అక్కర్లేదు. బందీ సేవ్ ఫెయిలయ్యాడో లేదో మీకు తెలుస్తుంది. తెలిసి అబద్ధం ఆడలేడు కానీ జవాబు దాటేయగలడు, కాబట్టి అవును-కాదు అని తేలే ప్రశ్నలే వేయండి. చిత్రహింసల్లో వచ్చేదానికంటే ఇది నమ్మదగిన సమాచారం, రోగ్‌కి కూడా లాభమే. అందుకని రెండో స్థాయి స్లాట్ ఒకటి స్మైట్‌కి తగలేయకుండా దాచండి.

"లొంగిపోతే ప్రాణాలకు నా మాట" అనే ముందు పార్టీని ఒప్పించండి. మీరిచ్చిన మాటను వాళ్లు తప్పితే భారం మీ మీదే పడుతుంది. ఇక డీఎంతో (ఆట నడిపించే వ్యక్తితో) ముందే మాట్లాడుకోవాల్సింది ఓత్ తప్పితే ఏమవుతుందన్నది. 1978 నాటి రూల్స్‌లో పాలడిన్ మనిషి జాతివాడే అయ్యుండాలి, లాఫుల్ గుడ్ (ధర్మం, మంచి రెండూ పాటించే స్వభావం) తప్పనిసరి, కరిష్మా (ఆకర్షణ స్కోరు) కనీసం 17. ఆ కాఠిన్యం ఐదో ఎడిషన్‌లో లేదు. తప్పు జరిగితే ప్రాయశ్చిత్తానికి దారి ఉంది. కావాలని తప్పి పశ్చాత్తాపం కూడా లేకపోతేనే క్లాస్ (పాత్ర రకం) మారాల్సి రావచ్చు.

కొత్త_డాలు:
జోన్ ఆఫ్ ట్రూత్ గురించి అసలు ఆలోచించలేదండీ, చాలా థాంక్స్. ఇంకో డౌట్: కత్తీ డాలూ చేతుల్లో ఉండగా బ్లెస్ ఎలా వేయాలి?

పాచికల_సంచి:
డాలు మీద హోలీ సింబల్ (మీ దైవ చిహ్నం) వేయించుకోండి. బ్లెస్‌కి మెటీరియల్ (స్పెల్‌కి కావాల్సిన వస్తువు) ఉంది, దాని బదులు సింబల్ చాలు, కాబట్టి డాలు పట్టిన చెయ్యే సరిపోతుంది. క్యూర్ వూండ్స్‌కి మెటీరియల్ లేదు, దానికి మాత్రం ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. కత్తి ఒరలో పెట్టి వేయొచ్చు, కానీ మళ్లీ దూసేదాకా కత్తితో ఆపర్చునిటీ ఎటాక్ (పక్కనుంచి తప్పుకునే శత్రువు మీద వేసే దెబ్బ) ఉండదు. వార్ కాస్టర్ ఫీట్ (పాత్రకు ఎంచుకునే అదనపు నైపుణ్యం) తీసుకుంటే ఈ తంటా తప్పుతుంది.

రూల్స్_గమనిక:
2024 రూల్స్‌కి మారితే లెక్క మారుతుంది. అక్కడ స్మైట్ ఒక స్పెల్, బోనస్ యాక్షన్ (టర్నులో ఒక్కసారే దొరికే అదనపు పని), అంటే టర్నుకి ఒక్కటే. లే ఆన్ హ్యాండ్స్ కూడా బోనస్ యాక్షనే అయింది, కాబట్టి ఏ టర్నులోనైనా ఆ రెండింటిలో ఒకటే.