మూడు రోజులు సముద్రంలో గాలం వేట: పడవెక్కితే వాంతులయ్యేవాణ్ణి, వెళ్లొచ్చా?

అందరికీ నమస్కారమండీ. మాది విజయవాడ, కృష్ణలంక. నలుగురు స్నేహితులం అండమాన్ వెళ్లి, మూడు రోజులు బోటు మీదే ఉండి జెయింట్ ట్రెవల్లీ లాంటి పెద్ద చేపల్ని గాలంతో పట్టాలనుకుంటున్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, అందుకని జనవరి అనుకున్నాం. ముందు మచిలీపట్నమే అనుకున్నాం, 70 కిలోమీటర్లేగా. అక్కడి చేపల రేవు గిలకలదిండిలో అడిగితే "ఇవి వలల బోట్లు, మిమ్మల్ని ఎక్కించుకోం" అన్నారు. అదీ నిజమే, వాళ్ల పొట్టకూటి పనికి మనం అడ్డం.

మా అనుభవమంతా బ్యారేజీ దిగువన వానపాము గుచ్చి జెల్లలు పట్టడమే. నా సంగతి మరీ అన్యాయం. పోయిన నెల సూర్యలంకలో పావుగంట పడవెక్కితే, పొద్దున తిన్న పెసరట్టు మొత్తం సముద్రానికే సమర్పించాను. మావాడు ఆ వీడియో గ్రూపులో కూడా పెట్టాడు.

వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. వాంతుల మాత్ర బోటెక్కడానికి ఎంత ముందు వేసుకున్నారు? మూడు రోజులూ వేసుకుంటే మత్తుగా ఉంటుందా? గాలం సామాను ఇక్కణ్ణుంచి మోసుకెళ్లాలా, బోటువాళ్లే ఇస్తారా? పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదిలేయాలంటున్నారు, కూరకి ఒక్కటైనా ఉంచుకోనిస్తారా? మా ఆవిడకి వంజరం తెస్తానని మాటిచ్చేశాను మరి.