పిల్లల ఊహలపై పోర్ట్రెయిట్ ప్రదర్శన: వేషం ఎవరు ఎంచుకోవాలి?

ప్రశ్న (కిటికీవెలుగు)

నమస్కారం. మా పట్టణ గ్రంథాలయం హాలులో, బాల్యం, ఊహాలోకం అనే అంశంపై ఇరవై పాతిక పోర్ట్రెయిట్లతో ఒక ప్రదర్శన ఏర్పాటు చేయాలని అనుకుంటున్నాను. ఫొటోల్లో ఉండేవారంతా ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలే. కృష్ణాష్టమికి పసివాడి తలలో నెమలి పింఛం పెట్టి, చేతికి పిల్లనగ్రోవి ఇచ్చి స్టూడియోకు తీసుకువెళ్లడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే కనుక, నేనూ ఆ పద్ధతిలోనే రెక్కలు, కిరీటాలు, వ్యోమగామి దుస్తులు అద్దెకు తెచ్చి ఒక్కొక్కరికీ ఒక్కో వేషం వేయించాలని అనుకున్నాను. అయితే అలా తీసిన ఫొటోలో కనిపించేది పిల్లల ఊహా, నా ఊహా అన్న సందేహం తీరడం లేదు. వేషాన్ని నేనే నిర్ణయిస్తే చిత్రం పొందికగా కుదురుతుంది కానీ, పూర్తిగా వారికే వదిలేస్తే గోడ మీద గందరగోళం తప్ప మరేమీ మిగలదేమోనని భయం. ఇదివరకు ఇటువంటి పని చేసినవారు ఏ దారి పట్టారో తెలిసినవారు చెప్పగలరని మనవి.

జవాబు 1 (పాతఆల్బమ్)

ఈ చిక్కు ఫొటోగ్రఫీ తొలి దశాబ్దాల నుంచీ ఉంది. బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరన్ 1815లో కలకత్తాలో పుట్టారు. నలభై ఎనిమిదేళ్ల వయసులో, 1863 డిసెంబరులో, కూతురూ అల్లుడూ కానుకగా ఇచ్చిన కెమెరాతో ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవిలో పని మొదలుపెట్టి, అద్దాల కోళ్లగూడును స్టూడియోగానూ, బొగ్గులు వేసుకునే గదిని ఫొటోలు కడిగే చీకటి గది (డార్క్‌రూమ్)గానూ మార్చుకున్నారు. బంధువుల పిల్లలకు రెక్కలు కట్టి దేవదూతలుగా నిలబెట్టడం ఆమెకు ఎంతో ఇష్టం. 1872 నాటి ‘ఐ వెయిట్’ అనే ఫొటోలో ఒక పాప చేతులు మడిచి, వాటి మీద గడ్డం ఆనించి కూర్చుని ఉంటుంది. వెనుక హంస రెక్కలు. ఇటలీ చిత్రకారుడు రఫేల్ గీసిన బాల దేవదూతలు ఆ భంగిమకు మూలమని చూడగానే తెలుస్తుంది. తమ చిన్న భుజాలకు బరువైన హంస రెక్కలు కట్టి, జుట్టును మొరటుగా చెదరగొట్టి కూర్చోబెట్టేవారని ఆ పాప అక్కచెల్లెళ్లలో ఒకరు పెద్దయ్యాక జ్ఞాపకాల్లో రాసుకున్నారు. తడి గాజుపలక మీద ఫొటో తీసే ఆ పద్ధతిలో ఒక్కోసారి నిమిషాల తరబడి కదలకుండా ఉండాలి కాబట్టి, పాప ముఖంలో దివ్యత్వానికి బదులు ‘ఇది ఎప్పుడు అయిపోతుందో’ అన్న విసుగే కనిపిస్తుంది. నా దృష్టిలో ఆ ఫొటోకు ప్రాణం ఆ విసుగే. రెక్కలు కామెరన్ గారి ఊహ, మూతి ముడుపు మాత్రం పాప సొంతం.

దీని పక్కన 1864 జనవరిలో ఆమె తీసిన ‘ఆనీ’ అనే పాప ఫొటోను ఉంచి చూడండి. తన మొదటి విజయమని ఆమే దానికి పేరు పెట్టుకున్నారు, ఆ సంతోషంలో పాపకు ఇవ్వడానికి బహుమతుల కోసం ఇల్లంతా వెతికారు. అందులో వేషమేమీ లేదు. బొత్తాల కోటు, సరిగా దువ్వని జుట్టు, పక్కకు తిరిగిన చూపు, అంతే. ఆ పాప ఏం ఆలోచిస్తూ ఉందో అని మనం ఊహించక తప్పదు. అందుచేత వేషాలు ఎన్ని తెచ్చినా, వేషం లేని ముఖాలు కొన్ని మీ గోడ మీద తప్పక ఉండాలి.

జవాబు 2 (నెగటివ్‌గీత)

పై జవాబుతో కొంతవరకే ఏకీభవిస్తాను, ఎందుకంటే వేషం తీసేసినంత మాత్రాన కెమెరా వెనుక ఉన్న పెద్దవారు తప్పుకోరు. వెండీ ఇవాల్డ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ 1970ల మధ్యలో కెంటకీ రాష్ట్రపు బొగ్గుగనుల ప్రాంతంలో బడిపిల్లలకే కెమెరాలు అందేలా చేసి, తమను, తమ కుటుంబాన్ని, తమ జంతువులను, చివరకు తమ కలలను ఫొటో తీయమన్నారు. ఫిల్మ్ కడగడం, ప్రింట్లు వేయడం కూడా వారికే నేర్పారు. ఒక అమ్మాయి తన సోదరులిద్దరినీ వేరే లోకం నుంచి దిగిన ప్రాణులుగా మార్చింది. ఒక అబ్బాయి, తన ప్రాణస్నేహితుణ్ణి తానే చంపినట్టు వచ్చిన కలను, ఆ స్నేహితుణ్ణే చెట్టు కొమ్మల మధ్య వాల్చి తీశాడు. పిల్లల ఊహ అంటే సీతాకోకచిలుకలూ ఇంద్రధనుస్సులూ అనుకునే పెద్దలెవరికీ ఈ రెండో ఫొటో తట్టదు. వారి లోకంలో భయం, పగ, చావు కూడా ఉంటాయి. అద్దె దుస్తుల దుకాణంలో వాటికి వేషాలు దొరకవు. తర్వాత గుజరాత్‌లోని ఒక పల్లెలో కూడా ఆమె ఇదే తరహాలో పిల్లలతో పనిచేశారు.

జవాబు 3 (తెరముందు)

పిల్లల చేతికే కెమెరా ఇవ్వడం గొప్ప పద్ధతే గాని, ప్రశ్న అడిగినవారు తీయదలచినవి పోర్ట్రెయిట్లు. వారికి దగ్గరి ఉదాహరణ భారతీయ ఫొటోగ్రాఫర్ గౌరీ గిల్ చేసిన ‘బాలికా మేళా’ చిత్రాలు. 2003లో రాజస్థాన్‌లోని లూణ్‌కరణ్‌సర్‌లో ఉర్మూల్ సేతు సంస్థ కౌమార బాలికల కోసం ఒక మేళా జరిపినప్పుడు, ఆమె అక్కడ డేరాలో ఒక తెర కట్టి, కొద్దిపాటి సామగ్రి పెట్టి చిన్న ఫొటో స్టూడియో నడిపారు. ఎవరైనా రావచ్చు, ఒంటరిగానో స్నేహితురాలితోనో నిలబడవచ్చు, ఎలా కనిపించాలన్నది వచ్చినవారి ఇష్టం. స్థలమూ వెలుగూ ఫొటోగ్రాఫర్ చేతిలో ఉన్నందువల్ల ఆ నలుపు తెలుపు చిత్రాలన్నీ ఒకే వరుసగా కనిపిస్తాయి, నిలబడే తీరు మాత్రం ఎవరిది వారిదే. గందరగోళమవుతుందన్న మీ భయానికి ఇంతకన్నా మంచి సమాధానం నాకు తెలియదు. ఒకే తెర, కిటికీ పక్కనుంచి వచ్చే ఒకే వెలుగు, ఒకే లెన్స్ ఉంచుకుని, దుప్పటి, అట్టపెట్టె, గొడుగు, పాత చీర వంటి పేరులేని వస్తువులు బల్ల మీద పరచండి. కిరీటం కిరీటంగానే ఉంటుంది కాని, అట్టపెట్టె ఓడ కావచ్చు, టీవీ కావచ్చు, జైలూ కావచ్చు.

ప్రశ్న అడిగినవారు (కిటికీవెలుగు)

అందరికీ ధన్యవాదాలు. అద్దె దుస్తుల ఆలోచన మానుకుని, జవాబు 3లో చెప్పిన బల్ల పద్ధతినే అనుసరిస్తాను. వేషం లేని ముఖాలకు ఒక గోడను విడిగా ఉంచుతాను. అయితే ఫొటో కింద ఏం రాయాలి? తల్లిదండ్రుల అనుమతి సంగతి ఏమిటి?

జవాబు 4 (నెగటివ్‌గీత)

ఫొటో తీసిన వెంటనే ‘ఇందులో నువ్వు ఎవరు?’ అని అడిగి, పిల్లలు చెప్పిన మాటను వారి యాసలోనే, దిద్దకుండా రాయండి. ‘ఎవరూ కాదు, నేనే’ అన్నా అదే రాయండి. తల్లిదండ్రుల అనుమతిని ప్రదర్శనకు వేరుగా, ఇంటర్నెట్‌లో పెట్టడానికి వేరుగా రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. ఒకదానికి ఒప్పుకున్నవారు రెండోదానికి ఒప్పుకోకపోవచ్చు. పెద్దలు సంతకం చేసినా, ప్రింటు చూసిన పిల్లవాడు వద్దంటే దాన్ని గోడకెక్కించకండి. ఇంటిపేర్లు, బడి పేరు ఎక్కడా రాయనవసరం లేదు. ఇంకొక సంగతి, ఎనిమిదేళ్ల పిల్లల కళ్లు నేల నుంచి మూడున్నర, నాలుగు అడుగుల ఎత్తులో ఉంటాయి కనుక, పెద్దల చూపుకు తగినట్టు ఐదడుగుల ఎత్తున వేలాడదీస్తే, ఫొటోల్లో ఉన్నవారే తమ ఫొటోలను మెడ ఎత్తి చూడవలసి వస్తుంది. ప్రింట్లను కిందికి దించండి, పెద్దవాళ్లే కాస్త వంగి చూస్తారు.