కచేరీలు మానేసి మాక్స్ న్యూహౌస్ తన విద్యను వృథా చేసుకున్నాడా?

తబలాప్రియ: అమెరికన్ పెర్కషనిస్ట్ (డ్రమ్ములు, గంటలు లాంటి కొట్టి వాయించే వాద్యాల కళాకారుడు) మాక్స్ న్యూహౌస్ (1939–2009) పాతికేళ్ళకే న్యూయార్క్‌లోని కార్నెగీ రిసైటల్ హాల్లో సోలో కచేరీ చేశాడు. 1968లో కొలంబియా కంపెనీ ఆయన ఆల్బమ్ తెచ్చింది. సరిగ్గా అప్పుడే వేదిక దిగిపోయాడు. మిగతా జీవితమంతా వీధుల్లో, భవనాల్లో స్పీకర్లు అమర్చడంతోనే సరిపోయింది. అంత చెయ్యి తిరిగిన మనిషి! నా మటుకు ఇది చేతికొచ్చిన విద్యను మట్టిపాలు చేసుకోవడమే.

రోడ్డుమీదచెవి: ఉన్నట్టుండి దిగిపోలేదండీ. 1966లోనే కొంతమందిని పోగేసి, చేతుల మీద ‘విను’ అని ముద్ర కొట్టి, న్యూయార్క్ వీధుల్లో నడిపించాడు. దారిలో వినపడేదే సంగీతం. మరుసటి ఏడాది బఫలో నగరంలో ఒక రోడ్డు వెంట చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్లు పెట్టాడు. అటు వెళ్ళేవాళ్ళకు కారు రేడియోలో వినిపించేది, ఎటు నుంచి వస్తున్నారు, ఎంత వేగంగా పోతున్నారు అన్నదాన్ని బట్టి మారిపోయేది. ఇవన్నీ కచేరీలు చేస్తున్న రోజుల్లోనే.

ఇక 1977లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ కూడలిలో ఆయన అమర్చిన ‘టైమ్స్ స్క్వేర్’. బ్రాడ్‌వేలో 45, 46 వీధుల మధ్య నేల మీది ఇనుప జాలీ కింద నుంచి పెద్ద గంట మోగాక మిగిలే నాదంలాంటిది పగలూ రాత్రీ వస్తూనే ఉంటుంది. పక్కన బోర్డు లేదు, కావాలనే పెట్టలేదు. ఎప్పుడు ఆగాలో, ఎంతసేపు వినాలో దారినపోయేవాడి ఇష్టం. కచేరీలో మనకు ఆ వీలుందా?

తబలాప్రియ: బోర్డు లేకపోతే సబ్‌వే (భూగర్భ రైలు) ఫ్యాన్ చప్పుడు అనుకుని పోతారు! పైగా కచేరీకి టికెట్ ఉంది, రికార్డుకు రాయల్టీ ఉంది. జాలీ కింద మోతకు డబ్బులెవరిస్తారు? 1992లో ఆగిపోయిందిగా.

జమాఖర్చు: ఆపింది ఆయనే. యూరప్‌లో ఉంటూ దాని బాగోగులు చూసుకోవడం కుదరక ఆపాడు. 2002లో మళ్ళీ మొదలైంది, ఇప్పుడు డియా ఆర్ట్ ఫౌండేషన్ నడుపుతోంది. నా అభ్యంతరం వేరే. వీధిలో పేరు అక్కర్లేదు సరే, కానీ పని ఇప్పించే మ్యూజియంకి, ఖర్చు భరించే ఫౌండేషన్‌కి ఆ పేరు తెలియాలి కదా? తన పనుల గురించి బొమ్మలు గీసి, పక్కన చేతిరాతతో వివరణ కూడా రాసేవాడు. అజ్ఞాతం దారినపోయేవాడి వరకే. తప్పని అనను. కాకపోతే సంస్థల అండ లేనివాడు ఈ దారి పట్టాలంటే చాలా కష్టం.

తబలాప్రియ: అదే నేననేది. 1968 ఆల్బమ్ వినండి, ఆ చేతులు ఆగిపోవడం నష్టం కాదా?

రోడ్డుమీదచెవి: అందులో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ రచన ‘ఫాంటానా మిక్స్’ కూడా ఉంది, విన్నారా? వాయిద్యాల మీద కాంటాక్ట్ మైకులు (తాకిన వస్తువు కంపనాన్ని పట్టే మైకులు) పెట్టి, వాటిని స్పీకర్ల ముందు ఉంచి, ఫీడ్‌బ్యాక్‌తోనే, అంటే స్పీకర్ శబ్దం మళ్ళీ మైకులోకి వెళ్ళి పుట్టే మోతతోనే నడిపించాడు. కర్రతో కొట్టిందే లేదు.