‘ఫిల్త్’ అంటే మురికా, కుళ్ళా?

ఆంగ్లపదం ‘ఫిల్త్’ (filth)ను తెలుగులో ‘మురికి’ అంటే సరిపోతుందా అని అడిగారు. చాలాచోట్ల సరిపోతుంది గాని, పుట్టుకను బట్టి చూస్తే దానికి దగ్గరి చుట్టం ‘కుళ్ళు’.

ప్రాచీన ఆంగ్లంలో కుళ్ళిన, కంపు కొట్టే అనే అర్థంలో ‘ఫూల్’ అనే విశేషణం ఉండేది (మూర్ఖుడనే ‘ఫూల్’ వేరు). కబడ్డీలో పిల్లలు అరిచే ‘ఫౌల్’ దాని నేటి రూపమే. ‘ట్రూ’ నుండి ‘ట్రూత్’ వచ్చినట్లే, ఆ విశేషణానికి ప్రత్యయం చేరి ‘ఫిల్త్’ ఏర్పడింది. ఆ ప్రత్యయంలో ఒకప్పుడుండి తర్వాత లోపించిన ఇకారం వల్ల ముందున్న ఊకారం క్రమంగా ఇకారమైంది. తరువాతి అచ్చు ముందు అచ్చును మార్చడం మనకు కొత్తేమీ కాదు. ‘కత్తి’ బహువచనంలో ‘కత్తులు’ కావడం అలాంటిదే.

ఇంకా వెనక్కి వెళితే సంగతి మరింత రుచిగా ఉంటుంది. ‘పితృ’కు ‘ఫాదర్’, ‘పాదా’నికి ‘ఫుట్’, ‘పంచ’కు ‘ఫైవ్’ ఎలా జతపడ్డాయో, సంస్కృతానికీ ఆంగ్లానికీ ఉమ్మడి మూలమైన భాషలో కుళ్ళడమనే అర్థంగల ధాతువులోని పకారమే ‘ఫూల్’లో ఫకారమైంది. సంస్కృతంలో అది పకారంగానే నిలిచింది: చీముకు ఆయుర్వేదం వాడే ‘పూయం’, దుర్వాసనకు మనం వాడే ‘పూతిగంధం’ ఆ వంశానివే. తామసాహారాన్ని చెప్పే గీతాశ్లోకం (17-10) ‘యాతయామం గతరసం పూతి పర్యుషితం చ యత్’ చదివే ప్రతివారూ, తెలియకుండానే, ‘ఫిల్త్’కు అక్క వరసయ్యే మాటను పలుకుతున్నారన్నమాట.

బీరువా మీద వేలితో గీస్తే చార పడేది మురికి. గుడ్డ పెట్టి తుడిస్తే పోతుంది. బుట్ట అడుగున ఒక ఉల్లిపాయ మెత్తబడి, పట్టుకోబోతే వేలు లోపలికి దిగి, కారిన రసం పక్కవాటికీ అంటుకుంటే అది కుళ్ళు. ‘ఫిల్త్’ పుట్టింది ఈ రెండోదాని నుండి. 1611 నాటి ఆంగ్ల బైబిలు తప్పుడు సంపాదనను ‘ఫిల్తీ లూకర్’ అన్నప్పుడు కూడా పైపై మకిలిని కాదు, నైతికమైన చెడుగునే ఉద్దేశించింది.

అయితే ఒక చిక్కుంది. మన ‘కుళ్ళు’ మనసుకెక్కేసరికి అసూయగా మారింది. ‘కుళ్ళుబోతు’ అంటే ఓర్వలేనివాడే. అందువల్ల ‘ఫిల్తీ మైండ్’ను నేను ‘కుళ్ళు మనసు’ అనను, ‘పాడుబుద్ధి’ అంటాను.

ఇక ‘ఫిల్టర్’కు దీనితో ఏ బంధుత్వమూ లేదు; అది వడగట్టడానికి వాడిన ఉన్నిబట్ట ‘ఫెల్ట్’కు చుట్టం.