1942 లోయర్ పెరాక్: తెలుగు తోట కూలీల పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

1941 డిసెంబర్ 8న మలయా (నేటి పశ్చిమ మలేసియా)లోని కోటా భారులో దిగిన జపాన్ సేన 70 రోజుల్లో సింగపూర్ పట్టేసింది. జనవరి మొదట్లో లోయర్ పెరాక్ జిల్లాలోని తెలుక్ ఆన్సన్ (నేటి తెలుక్ ఇంతాన్) వైపు పడవల్లో దిగి కంపార్ దగ్గరి బ్రిటిష్ రక్షణ రేఖ వెనక్కి చేరారు. 7న తెల్లవారుజామున స్లిమ్ రివర్ రోడ్డు మీద ట్యాంకులు దూసుకొచ్చేసరికి 12వ ఇండియన్ బ్రిగేడ్ చెల్లాచెదురైంది.

సైనికుల జాడ తేలికే. పేరు, రెజిమెంటు, నంబరు ఉంటే సింగపూర్‌లోని క్రాంజి యుద్ధ స్మారక జాబితాలో చూసుకోవచ్చు. (12వ బ్రిగేడ్‌లోని 4/19 హైదరాబాద్ పటాలం అనగానే మనవాళ్లనుకోకండి, అది తర్వాత కుమావూన్ రెజిమెంటు అయింది.) చిక్కంతా లోయర్ పెరాక్‌లోని బాగాన్ దాతో చుట్టుపక్కల తోటల్లోని తెలుగు కూలీలతోనే. కామన్వెల్త్ యుద్ధ సమాధుల జాబితాలో అప్పలస్వామి, అపలసామి, అప్పాలసామి అని మూడు రకాలుగానూ వెతికాను, ఒక్కరూ తగల్లేదు. జపాన్ వాళ్లు యుద్ధకాలంలో వేయించిన సయాం (థాయ్‌లాండ్)-బర్మా రైలు పనికి తరలించిన ఆసియా కూలీలకైతే పేరుపేరునా పూర్తి లెక్కే లేదు. ఇక మిగిలింది యుద్ధానికి ముందటి చెక్‌రోల్ పుస్తకాలు, అంటే తోటల్లో రోజువారీ హాజరు, కూలి రాసినవి.

లోయర్ పెరాక్ తోటల 1935-41 చెక్‌రోళ్లు ఏ ఆర్కైవ్‌లో, ఏ శీర్షిక కింద ఉన్నాయో చూసినవాళ్లెవరైనా చెప్పగలరా?